కాలేజీలో మొదటిసారి బ్లడ్ క్యాంప్ పెడుతున్నాం, ఏమేం చూసుకోవాలో చెప్పండి

అడిగింది: బీఎస్సీ సెకండ్ ఇయర్, ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్

అందరికీ నమస్తే అండి. మాది రాజమండ్రి దగ్గర డిగ్రీ కాలేజీ. అక్టోబర్ 1 స్వచ్ఛంద రక్తదాన దినోత్సవం కదా, ఆ రోజు క్యాంప్ పెడదామని మా పీఓ (ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్) సార్ పనంతా మా బ్యాచ్‌కి అప్పజెప్పారు, ప్రిన్సిపాల్ గారేమో 200 యూనిట్లు (అంటే 200 మంది ఇచ్చే బ్యాగులు) రావాలి, పేపర్లో పడాలి అంటున్నారు. మేం 12 మందిమి, ఒక్కళ్లం కూడా ఇంతకుముందు చేసినోళ్లం కాదు. బ్లడ్ బ్యాంక్ వాళ్లని ఎలా పిలవాలి, ఎవరు ఇవ్వొచ్చు ఎవరు ఇవ్వకూడదు, టిఫిన్లు మేమే పెట్టాలా? జనం రారేమోనని రక్తం ఇచ్చినవాళ్లకి లక్కీ డ్రా తీసి ఇయర్‌బడ్స్ ఇద్దాం అంటున్నారు మావాళ్లు, అది చేయొచ్చా? ఇంకోటి, నేనూ ఇద్దామనుకుంటే మా అమ్మ నీరసం వచ్చేస్తుంది వద్దంటోంది.

జవాబు: పాత ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్, 5 క్యాంపుల్లో పనిచేశాను

చెల్లీ, ముందు ఆ 200 సంగతి మీ సార్‌తో మాట్లాడు. రూల్స్‌లో లెక్క ఎలా ఉంటుందంటే ఒక డాక్టర్, ఇద్దరు నర్సులు, 6 నుంచి 8 మంచాలు, ఇంతమంది ఉంటే 3 గంటల్లో 50-70 మంది దగ్గర, 5 గంటల్లో 100-120 మంది దగ్గర తీసుకోగలరు. ఒక్క టీమ్‌ని పిలిచి 200 అంటే తొందరలో ఎక్కడో ఒకచోట తప్పు జరుగుతుంది, ఆ తప్పు పడేది పిల్లల మీద.

డేట్ కూడా మీరు ఫిక్స్ చేసేసి పిలవొద్దు, ముందు బ్లడ్ బ్యాంక్‌కి వెళ్లి మీకు ఎప్పుడు కావాలి, ఎన్ని కావాలి అని అడగండి. ఎందుకంటే ఎర్ర కణాలు మామూలుగా 35 రోజులు, కొన్ని రకాల బ్యాగుల్లో అయితే 42 రోజులు నిలవుంటాయి, ప్లేట్‌లెట్లు అయితే 5 రోజులే. అన్ని కాలేజీలూ అదే వారంలో పెడితే ఫ్రిజ్‌లు నిండిపోతాయి, తర్వాత ఎండాకాలం కాలేజీలకి సెలవులిచ్చాక తలసీమియా (పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు) ఉన్న పిల్లల అమ్మానాన్నలు రక్తం కోసం ఫోన్లు పట్టుకుని తిరుగుతుంటారు. ఆ పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కించాలి, వాళ్లకి మన దినోత్సవాలతో పనిలేదు కదా. పైగా అక్టోబర్ మొదట్లో దసరా సెలవులు తగిలితే హాస్టల్ సగం ఖాళీ.

పిలవాల్సింది ప్రభుత్వ బ్లడ్ బ్యాంకునో, రెడ్‌క్రాస్‌నో, లేదంటే స్టేట్ రక్తమార్పిడి కౌన్సిల్ గుర్తించిన స్వచ్ఛంద సంస్థ బ్లడ్ బ్యాంకునో. లైసెన్స్ కాపీ అడిగి తీసుకోండి, అడిగితే ఏమీ అనుకోరు. ప్రిన్సిపాల్ లెటర్ ఇస్తే మంచాలు, బ్యాగులు, సర్టిఫికెట్లు వాళ్లే తెస్తారు. మీరు చూసుకోవాల్సింది గాలీ వెలుతురూ ఉన్న గది, కరెంటు పోకుండా ఏర్పాటు, మంచినీళ్లు, టిఫిన్. షామియానా వద్దు, ఎండకి కిందంతా ఉడికిపోతుంది.

టిఫిన్ సంగతి గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మా మొదటి క్యాంప్‌లో ఉదయం 8కే లైన్ కట్టించేశాం, హాస్టల్ పిల్లలు మెస్‌కి వెళ్లకుండా వచ్చేశారు, లైన్లోనే ఇద్దరు కళ్లు తిరిగి పడిపోయారు. అప్పటినుంచీ గుమ్మం దగ్గర ఒకళ్లని నిలబెట్టి టిఫిన్ తిన్నావా అని అడిగి, తినకపోతే రెండు ఇడ్లీలో ఉప్మానో పెట్టి, కాసేపు కూర్చోబెట్టి పంపేవాళ్లం. కార్తీక సోమవారాలు అసలు పెట్టుకోవద్దు, సగం మంది ఆడపిల్లలు ఉపవాసం.

జవాబు: బ్లడ్ బ్యాంక్ ల్యాబ్ టెక్నీషియన్

పైన అన్నీ బాగా చెప్పారు. ఎవరు ఇవ్వొచ్చో నేను చెప్తానమ్మా. వయసు 18 నుంచి 65, మీ ఫస్ట్ ఇయర్‌లో చాలామందికి ఇంకా 18 నిండవు కాబట్టి ఆధార్ చూసి పుట్టినతేదీ లెక్కేయండి. బరువు కనీసం 45 కేజీలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. పోయినసారి ఇచ్చి మగవాళ్లకైతే 90 రోజులు, ఆడవాళ్లకైతే 120 రోజులు దాటాలి. పచ్చబొట్టు వేయించుకుని ఏడాది కానివాళ్లు, పీరియడ్స్‌లో ఉన్నవాళ్లు ఆగాలి. జ్వరానికో దేనికో మందులు వాడుతుంటే డాక్టర్ దగ్గర దాచొద్దని ముందురోజే క్లాసుల్లో చెప్పండి.

హిమోగ్లోబిన్ చూడటానికి వేలు గుచ్చి ఒక్క చుక్క నీలం రంగు కాపర్ సల్ఫేట్ నీళ్లలో వేస్తాం, చుక్క గబుక్కున మునిగితే సరిపోయినట్టు, పైనే తేలి తచ్చాడితే తక్కువున్నట్టు. ఆడపిల్లల్లో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఒక కాలేజీలో వాలంటీర్ బాబు మైకులో పేరు చదివి మరీ రిజెక్ట్ అన్నాడు, ఆ పిల్ల ఏడ్చుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయింది, నాకు ఆ మొహం ఇప్పటికీ గుర్తే. దయచేసి ఆ మాట వాడకండి. పక్కకి పిలిచి, తల్లీ నీకే రక్తం తక్కువుంది, పీహెచ్‌సీలో చూపించుకో అని మెల్లిగా చెప్పండి, రక్తం పట్టడానికి ఐరన్ మాత్రలు అక్కడ ఊరికే ఇస్తారు. ఆ పిల్లకి ఆ రోజు మనం చేసిన మేలు అదే.

లక్కీ డ్రా వద్దు. డబ్బుకి రక్తం అమ్ముకోవడం సుప్రీంకోర్టు తీర్పుతో 1998 జనవరి 1 నుంచి మన దేశంలో నిషేధం. ఇయర్‌బడ్స్ కోసం వచ్చినవాడు మొన్న జ్వరం వచ్చిందన్న మాట దాచేస్తాడు, మేం హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తాం గానీ మరీ కొత్తగా అంటుకున్నది పరీక్షకి దొరక్కపోవచ్చు. నిజం చెప్పే దాత ఉంటేనే రోగికి భద్రత.

మీ అమ్మగారితో ఇలా చెప్పు. ఒంట్లో దాదాపు 5 లీటర్లుంటే తీసేది 350 మిల్లీలీటర్లు, బరువు 55 కేజీలు దాటితే 450 తీసుకోవచ్చు. పోయిన నీరు ఒకటి రెండు రోజుల్లో పూడిపోతుంది, ఎర్ర కణాలకి కొన్ని వారాలు పడుతుంది. ఇచ్చాక పావుగంట కదలకుండా కూర్చుని జ్యూస్ తాగి, ఆ రోజుకి ఆటలూ జిమ్మూ బరువులూ మానేస్తే చాలు. బస్సులో ఫుట్‌బోర్డ్ మీద మాత్రం వేలాడొద్దు, దారిలో కళ్లు తిరిగితే ప్రమాదం.

అడిగిన అమ్మాయి:

చాలా థ్యాంక్స్ అక్కా, సార్. నిన్న పీఓ సార్‌తో కలిసి బ్లడ్ బ్యాంక్‌కి వెళ్లొచ్చాం. అక్టోబర్ 1కి ఇప్పటికే చాలామంది అడిగారంట, మీరు ఒక 60 మందితో డిసెంబర్‌లో పెట్టండి, మళ్లీ ఏప్రిల్లో పరీక్షల ముందు ఇంకో 60 మందితో పెట్టండి అన్నారు. ప్రిన్సిపాల్ గారు మొదట ఒప్పుకోలేదు, సార్ ఆ 35 రోజుల సంగతి చెప్పాక సరే అన్నారు. మా అమ్మ తను కూడా వచ్చి చూస్తానంది. ఒక్క డౌట్, రక్తం ఇవ్వలేకపోయిన అమ్మాయిలు మాకూ ఏదైనా పని చెప్పండి అంటున్నారు, ఏం ఇవ్వాలి? ఇంకా, ఇచ్చే ఆడపిల్లలకి మంచాలు వేరుగా వేయించాలా?

పాత వాలంటీర్:

వేరే గది అక్కర్లేదు చెల్లీ, మధ్యలో దుప్పటో చీరో కట్టి కర్టెన్ చేసేయండి, మోచేతి పైకి చొక్కా మడతపెట్టడానికి ఇబ్బంది పడేవాళ్లుంటారు. ఇవ్వలేనివాళ్లని మంచం పక్కన కూర్చోబెట్టు. సూది గుచ్చేటప్పుడు చెయ్యి పట్టుకుని కబుర్లు చెప్పే మనిషి ఒకళ్లుంటే భయం సగం పోతుంది, మా క్యాంపుల్లో ఆ పని బాగా చేసింది వాళ్లే.