ఆయిల్ దీపం వెలిగాక మూడు నిమిషాలు నడిపాను: తప్పు దుకాణానిదా, నాదా?

ఫ్రిస్కోవాసి (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. 11 ఏళ్లుగా టెక్సస్‌లో ఉంటున్నాను. కారు విషయంలో ఇంతవరకు ఎవరితోనూ తగవు పడలేదు. గత నెల ఒక శనివారం మధ్యాహ్నం ఇంటి దగ్గరి క్విక్ ఆయిల్ చేంజ్ దుకాణంలో మా హోండా అకార్డ్‌కు ఆయిల్, ఫిల్టర్ మార్పించాను. సీటులోంచి లేవకుండానే 15 నిమిషాల్లో పని ముగిసింది. సోమవారం ఉదయం ఆఫీసుకు వెళ్తుంటే డాలస్ నార్త్ టోల్‌వే మీద ఎర్రటి ఆయిల్ దీపం వెలిగింది. అప్పటికి నేను ఎడమ చివరి లేన్‌లో ఉన్నాను. రద్దీలో కుడివైపుకు వచ్చి, తరువాతి ఎగ్జిట్ దగ్గర దిగడానికి సుమారు మూడు నిమిషాలు పట్టింది. ఈలోగా ఇంజన్‌లో ఎవరో సుత్తితో కొడుతున్నట్టు శబ్దం మొదలైంది. సిగ్నల్ దగ్గర ఆగిన బండి మళ్లీ స్టార్ట్ కాలేదు.

టో చేయించి తెలిసిన మెకానిక్ దగ్గరికి పంపాను. ఆయన నా కళ్లముందే ఫిల్టర్ విప్పాడు. పాత ఫిల్టర్ తాలూకు రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయింది. దాన్ని తీయకుండా కొత్త ఫిల్టర్‌ను దాని రింగుతో సహా పైన బిగించేశారు. రెండు రింగుల మధ్య సందులోంచి ఆయిలంతా రోడ్డు పాలయింది. వాడిన ఇంజన్ తెచ్చి వేయడానికి 5,800 డాలర్లు అవుతుందని అంచనా. దుకాణం వారు సగం ఇస్తామంటున్నారు. ‘దీపం వెలగగానే ఆపి ఉంటే ఇంజన్ దక్కేది, కాబట్టి మిగతా సగం మీది’ అన్నది వారి వాదన. మా ఆవిడ మాట కూడా ఇంచుమించు అదే, అది వేరే సంగతి. ఆ సగం పుచ్చుకుని ఊరుకోవాలా, కోర్టు మెట్లెక్కాలా?

లెక్కల మాస్టారు, ఆస్టిన్

మీ మీద సానుభూతి ఉంది కానీ దుకాణం మాటలో కొంత న్యాయం కనిపిస్తోంది. ఎర్ర దీపం వెలిగితే వెంటనే సురక్షితమైన చోట ఆపి ఇంజన్ కట్టేయమని ఏ కారు మాన్యువల్ అయినా చెబుతుంది. పసుపు దీపం కాదు, ఎర్ర దీపం. పైగా ఇలాంటి చర్చల్లో పాడైన బండ్ల కథలే వినిపిస్తాయి. నా రెండు కార్లకూ 9 ఏళ్లుగా అలాంటి దుకాణాల్లోనే ఆయిల్ మార్పిస్తున్నాను, ఒక్క చుక్క కారలేదు, అయినా ఆ సంగతి చెప్పడానికి నేను ఎక్కడా చర్చ మొదలుపెట్టలేదు కదా. రోజుకు వేల బండ్లకు జరిగే పనిలో ఒక పొరపాటు జరిగితే మొత్తం పద్ధతినే తిట్టడం సరికాదు.

ఆటోనగర్ బాబాయ్, హ్యూస్టన్

విజయవాడ ఆటోనగర్‌లో 14 ఏళ్లు, ఇక్కడ 20 ఏళ్లు పానా పట్టినవాడిని కాబట్టి రెండు మాటలు చెప్పే అర్హత ఉందనుకుంటాను.

మాస్టారూ, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, నాకూ జరిగింది. ఈ పొరపాటు మాత్రం పట్టుకోవడానికి అయిదు సెకన్లు చాలు. పాత ఫిల్టర్ విప్పగానే దాన్ని తిరగేసి రింగు దానితోపాటు వచ్చిందో లేదో చూడాలి. రాకపోతే అది ఇంజన్‌కే ఉన్నట్టు. తరువాత ఫిల్టర్ కూర్చునే చోటు గుడ్డతో తుడిచి, వేలితో చుట్టూ తడిమి, కొత్త రింగుకు కాస్త కొత్త ఆయిల్ రాసి, రింగు ఆనిన తరువాత ముప్పావు చుట్టు చేత్తో బిగించాలి. ఆ రాసిన ఆయిలే వచ్చేసారి రింగు అతుక్కోకుండా కాపాడుతుంది. అంటే మీ బండి విషయంలో అంతకుముందు ఫిల్టర్ వేసినవాడు రింగుకు ఆయిల్ రాయకుండానో, అతిగా బిగించో ఉండవచ్చు. కానీ దాన్ని చూడాల్సిన బాధ్యత విప్పినవాడిదే.

మరి ఎందుకు చూడలేదు? ఈ దుకాణాల్లో కింద గొయ్యిలో ఒకరు, పైన బానెట్ దగ్గర ఒకరు ఉంటారు. కిందివాడు దించిన ఆయిల్‌ను, విప్పిన ఫిల్టర్‌ను పైవాడు చూడడు. పైవాడు పోసిన ఆయిల్ ఎంతో కిందివాడికి తెలియదు. ఇద్దరూ ఒకరికొకరు కేకలేసుకుంటూ పని నడిపిస్తారు. వెనుక నాలుగు బండ్లు బారు తీరి ఉంటాయి. సుబారు బండ్ల విషయంలో ఇది నవ్వు తెప్పించేంత దూరం వెళ్తుంది: కొత్తగా చేరినవాడు ఇంజన్ ఆయిల్ ప్లగ్ అనుకుని గేరుబాక్సు ప్లగ్ విప్పి దాన్ని ఖాళీ చేస్తాడు, పైవాడు లెక్క ప్రకారం ఇంజన్‌లో కొత్త ఆయిల్ పోస్తాడు. ఫలితంగా గేరుబాక్సు ఎండిపోతుంది, ఇంజన్‌లో ఆయిల్ రెట్టింపవుతుంది. రెట్టింపైన ఆయిల్‌ను ఇంజన్ అడుగున తిరిగే క్రాంక్ షాఫ్ట్ అనే ఇరుసు చిలికి నురుగు చేస్తుంది. నురుగు బేరింగులను కాపాడలేదు.

నేను ఎక్కువగా చూసేది మాత్రం డ్రైన్ ప్లగ్, అంటే పాత ఆయిల్ దించడానికి విప్పే మర బిరడా గొడవ. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిని, అంటే మేము ఆటోనగర్‌లో ఛాంబర్ అనే ఆయిల్ పాన్‌ను, ఇప్పటి చాలా బండ్లలో అల్యూమినియంతో చేస్తున్నారు, దానిలోకి దిగే ప్లగ్ మాత్రం ఉక్కుది. హోండా ప్లగ్‌కు సుమారు 40 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. గాలి పీడనంతో బోల్టులు బిగించే గన్నుతో గట్టిగా కొడితే అల్యూమినియం మర చెడుతుంది. చెడిందన్న సంగతి ఆ రోజు తెలియదు, మరుసటి సారి విప్పినవాడి చేతిలోకి మర చుట్టలు చుట్టలుగా ఊడి వస్తుంది. అప్పుడు నింద ఆ రెండోవాడి మీద పడుతుంది. నా మీద అలా పడింది కూడా.

సొంతపానా, షార్లెట్

అందుకే నేను ఎవరినీ నమ్మను. గరాజ్‌లో ర్యాంపు వేసుకుని నేనే మార్చుకుంటాను, గంట పడుతుంది. అది కుదరనివారు నేరుగా డీలర్ దగ్గరికి వెళ్లడమే మేలు. నాలుగు డబ్బులు ఎక్కువైనా శిక్షణ పొందినవారు చేస్తారు. ఫ్రిస్కోవాసి గారూ, 20 డాలర్లు మిగిలాయని మీరు ఆ దుకాణానికి వెళ్లారు, తప్పు అక్కడే మొదలైంది.

ఆటోనగర్ బాబాయ్, హ్యూస్టన్

బాబూ, డీలర్ అనగానే నిశ్చింత అనుకోకు. 2003, 2004 మోడల్ హోండా సీఆర్‌వీలు కొన్ని మొదటి ఆయిల్ మార్పు తరువాత కొద్ది రోజుల్లోనే తగలబడ్డాయి. 2004లో రోడ్డు భద్రత చూసే కేంద్ర సంస్థ దర్యాప్తు చేస్తే బయటపడింది ఈ కథే: పాత రింగు అతుక్కుపోయింది, దాని మీద కొత్తది ఎక్కింది, కారిన ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడి అంటుకుంది. వాటిలో డీలర్ల దగ్గర మార్పించుకున్న బండ్లూ ఉన్నాయి. డీలర్ దగ్గర కూడా ఆయిల్ మార్చే పని సాధారణంగా కొత్తగా చేరిన కుర్రాడికే ఇస్తారు. పెద్ద మెకానిక్కు అంతకంటే డబ్బొచ్చే పనులు వేరే ఉంటాయి.

ఆటోనగర్‌లో మాకు శిక్షణ పత్రాలు ఉండేవి కావు, నిజమే. కానీ బండి ఓనరు పక్కన స్టూలు వేసుకుని టీ తాగుతూ చూస్తుండేవాడు, పాత ఫిల్టర్ అడిగి చేతిలోకి తీసుకునేవాడు. చిరాకు పుట్టేది, కానీ ఆ కన్ను మీద ఉన్నప్పుడు చెయ్యి తప్పు చేయదు.

లెక్కల మాస్టారు, ఆస్టిన్

బాబాయ్ గారు చెప్పినది పని తప్పు గురించి. దానిలో నాకు పేచీ లేదు, రింగు వదిలేసింది వారే. నా ప్రశ్న ఆ మూడు నిమిషాల గురించి. వాటికి బాధ్యులు ఎవరు?

ఆటోనగర్ బాబాయ్, హ్యూస్టన్

దాపరికం లేకుండా చెబుతాను, ఫ్రిస్కోవాసి గారు నొచ్చుకోకూడదు. ఆ దీపం ఆయిల్ ఎంత ఉందో చెప్పేది కాదు, ఆయిల్ పీడనం పోయిందని చెప్పేది. అంటే అది వెలిగేసరికే పంపు గాలి పీల్చడం మొదలుపెట్టి ఉంటుంది. ఆ క్షణంలో ఇంజన్ కట్టేసి ఉంటే బేరింగులు దక్కే అవకాశం బాగానే ఉండేది. హైవే వేగంతో మూడు నిమిషాలంటే ఆ అవకాశం పోయినట్టే. అయితే టోల్‌వే ఎడమ లేన్‌లో ఇంజన్ కట్టేస్తే మనిషి దక్కేవాడా అన్నది కూడా అడగాలి. వెనుక 70 మైళ్ల వేగంతో ట్రక్కు వస్తుంటే మాన్యువల్ గుర్తుకు రాదు. ఆ మాన్యువల్ కూడా ‘సురక్షితమైన చోట’ అనే అంటుంది. ఆ చోటు ఎక్కడుందన్నదే అసలు తగవు.

వసుంధర, ప్లేనో

నేను న్యాయవాదిని కాను. న్యాయవాదుల కార్యాలయంలో ఇలాంటి కాగితాలు తయారుచేసే పని చేస్తాను. టెక్సస్‌లో ఇలాంటి దావాలో ఎవరి తప్పు ఎంత శాతమో నిర్ణయిస్తారు. మీ వంతు ఎంత శాతమైతే పరిహారంలో అంత తగ్గుతుంది. మీ తప్పు 50 శాతం దాటితే మాత్రం పైసా రాదు.

ఈ లెక్కను దుకాణం ఇస్తామన్న దాని పక్కన పెట్టి చూడండి. సగం ఇస్తామంటే మీ తప్పు సరిగ్గా 50 శాతమని అంటున్నట్టు. మీరు గెలిస్తే వచ్చే మొత్తాల్లో అన్నిటికంటే తక్కువది అదే. కుడివైపుకు రావడానికి పట్టిన సమయం అనివార్యమని ఒప్పించగలిగితే మీ వాటా 20, 30 శాతానికి దిగవచ్చు. ఒప్పించలేక 51 అయితే ఉన్నదీ పోతుంది. ఇది జూదమే, కానీ పందెం మీ వైపే కాస్త మొగ్గి ఉందని నా ఉద్దేశం, ఎందుకంటే మొదటి తప్పు లేకుండా రెండోదానికి ఆస్కారమే లేదు.

20,000 డాలర్ల వరకు, చిన్న దావాలు వినే జస్టిస్ కోర్టులో మీరే దావా వేసుకోవచ్చు, న్యాయవాది తప్పనిసరి కాదు. వినియోగదారుల చట్టం కింద కూడా అడగదలిస్తే ముందుగా 60 రోజుల గడువుతో లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. అంతవరకు వారి చెక్కు తీసుకోవద్దు, ‘పూర్తి పరిష్కారం’ అని రాసి ఉన్న కాగితం మీద సంతకం అసలే చేయవద్దు. మీ రసీదు దగ్గర ఉందా? దాని వెనుక వైపు కూడా చదివారా?

ఫ్రిస్కోవాసి

వసుంధర గారూ, మీరు అడిగాకే రసీదు బయటకు తీశాను. ముందువైపు అడుగున తనిఖీ జాబితా ఉంది: ఆయిల్ మట్టం, టైర్ల గాలి, వైపర్లు, ఇంకా ‘పాత ఫిల్టర్ గాస్కెట్ తీసినట్టు నిర్ధారణ’ అన్న వరుస. గాస్కెట్ అంటే ఆ రబ్బరు రింగే. దాని పక్కన టిక్కు, టిక్కు పక్కన రెండు పొడి అక్షరాలు. ఆ అక్షరాలు నాతో మాట్లాడి, కార్డు గీకి, క్యాబిన్ ఫిల్టర్ కూడా మార్చుకోమని మూడు సార్లు అడిగిన పైనున్న కుర్రాడివి. అతను ఆ 15 నిమిషాల్లో గొయ్యిలోకి దిగలేదు, నేను సీటులోంచి చూస్తూనే ఉన్నాను.

సొంతపానా గారూ, 20 డాలర్ల కోసం వెళ్లలేదండి, శనివారం పిల్లల కూచిపూడి తరగతికీ, తరువాతి పనికీ మధ్య దొరికినది ఆ అరగంటే.

లెక్కల మాస్టారు, ఆస్టిన్

ఆ టిక్కు సంగతి విన్నాక నా అభిప్రాయం కొంత మారింది. చూడకపోవడం పొరపాటు, చూడకుండా చూశానని సంతకం పెట్టడం పొరపాటు కాదు. అయినా మీ వాటా సున్నా అని నేను ఒప్పుకోను. 25 శాతం అంటాను. వసుంధర గారి పద్ధతిలో లెక్కవేస్తే 4,350 డాలర్లు మీకు రావాలి, వారు ఇస్తామన్నది 2,900.

వసుంధర, ప్లేనో

మాస్టారి అంకె నోటీసులో అడగడానికి పనికిరాదు, మొత్తం 5,800 అడగాలి. కానీ బేరానికి కూర్చున్నప్పుడు మనసులో ఉంచుకోవడానికి చక్కటి అంకె.

ఆటోనగర్ బాబాయ్, హ్యూస్టన్

కాగితాల సంగతి అమ్మాయి చెప్పింది, నేను వస్తువు సంగతి చెబుతాను. ఆ ఫిల్టర్, రెండు రింగులు ఎక్కడున్నాయి బాబూ? ఫోటో ఉంటే సరిపోదు, అది ఏ బండిదో ఎవరు చెప్పొచ్చారు అంటారు. వాటిని తుడవవద్దు, కడగవద్దు. ఆయిల్ మరకలతో సహా ప్లాస్టిక్ సంచిలో వేసి, తేదీ, బండి నంబరు రాసి, విప్పిన మెకానిక్ చేత ‘నేనే విప్పాను, రెండు రింగులు ఇలా ఉన్నాయి’ అని రాయించి సంతకం చేయించండి. వర్క్‌షాపుల్లో వారానికొకసారి చెత్త డబ్బా ఖాళీ చేస్తారు.

ఫ్రిస్కోవాసి

ఇప్పుడే ఆయనకు ఫోన్ చేశాను బాబాయ్ గారూ. ఫిల్టర్ బెంచీ కింద ఒక కాఫీ డబ్బాలో ఉందట, రెండు రింగులూ దానికే అంటి ఉన్నాయట. రేపు ఉదయం ఏడింటికి షట్టర్ తీయగానే వెళ్లి తెచ్చుకుంటున్నాను.