జిబ్ షీటింగ్ రూల్ మార్చాలా? మన ఫ్లీట్‌లో వాళ్లందరూ చెప్పండి

రుషికొండ_హెల్మ్: జిబ్ (ముందుండే చిన్న తెరచాప) షీట్‌ని, అంటే దాన్ని లాగే తాడుని, దారి మళ్లించే ఫెయిర్‌లీడ్ (లీడ్) డెక్ మీద ఒకే చోట బిగించి ఉండాలన్న పాత రూల్ మార్చి, ముందుకీ వెనక్కీ జరిగే చిన్న ట్రాక్ పెట్టుకోనివ్వాలని నా ప్రతిపాదన. మూడు విషయాలు తేలాలి. ట్రాక్ ఎంత పొడవు? షీట్‌ని లోపలికి లాగే బార్బర్ హాలర్ కూడా ఒప్పుకోవాలా? ఏ సీజన్ నుంచి? ఆర్కే బీచ్ ముందు మధ్యాహ్నం గాలి పెరిగాక, తేలికైన సిబ్బంది ఉన్న పడవ వాలిపోతూనే ఉంటుంది. లీడ్ ఒక్క బెత్తెడు వెనక్కి జరిగితే జిబ్ వెనక అంచు (లీచ్) పైభాగం తెరుచుకుని గాలి వదిలేస్తుంది. ఇప్పుడు ఆ దారి లేదు, షీట్ వదలడమే.

లాసన్స్‌బే_క్రూ: ట్రాక్ సంగతి తర్వాత. ముందు షీట్‌ని పట్టి ఉంచే క్లీట్ గురించి మాట్లాడండి. డాల్ఫిన్ నోస్ పక్కన నైరుతి గాలి కొండ దాటి విరుచుకుపడినప్పుడు, వాలిన పడవలో అంచు మీద కూర్చుని షీట్ క్లీట్‌లోంచి ఊడదీయాలంటే పైకి గుంజాలి. క్లీట్ వంపు తప్పుగా ఉంటే ఎంత గుంజినా రాదు. పోయినసారి పడవ తిరగబడింది అందుకే. చుక్కాని పట్టే హెల్మ్ వాళ్లకి ఇది కనిపించదు, వాళ్ల చేతిలో మెయిన్ (పెద్ద తెరచాప) షీట్ ఉంటుంది కదా.

పాత_నావికుడు: నేను నేవీలో ఉన్నప్పటి నుంచీ ఎంటర్‌ప్రైజ్‌లు తోలాను. 1956లో జాక్ హోల్ట్ గీసిన పడవ అది, నీలం తెరచాపలు. నా చేతి కింద నేర్చుకున్నవాళ్లు ఇవాళ కోచ్‌లు. అందరికీ ఒకటే చెప్పాను: షీట్ పట్టుకున్న చేతికి తెలిస్తే ట్రాక్ అక్కర్లేదు. పడవలన్నీ ఒకేలా ఉంటేనే వన్ డిజైన్. ఇవాళ ట్రాక్ అంటారు, రేపు కార్బన్ మాస్ట్ అంటారు.

రుషికొండ_హెల్మ్: సార్, మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ జిబ్ మీద గాలి తీరు చూపే దారాల్లో (టెల్‌టేల్స్) పైది ముందుగా కొట్టుకుంటుంటే లీడ్ ముందుకి జరపాలి, కింద టెల్‌టేల్ ముందుగా కొట్టుకుంటే వెనక్కి జరపాలి. ఇది చేతి నేర్పుతో తీరేది కాదు. షీట్ ఎంత లాగినా దాని కోణం మారదు.

చెక్క_పడవ: డెక్‌కి బెజ్జాలు పెట్టేముందు నాలాంటి మెరైన్ ప్లై పడవల వాళ్లని ఒక్క మాట అడగరా? స్క్రూ దిగిన చోట నీరు చేరి పొరలు విడిపోతే డెక్ మొత్తం మార్చుకోవాలి. బెజ్జం పెద్దదిగా వేసి, ఎపాక్సీతో నింపి, ఎండాక అందులో మళ్లీ సన్నగా వేయాలి. ఎంతమంది ఆ ఓపిక పడతారు?

ఉప్పుగాలి: 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు వాడితే ఏ గొడవా ఉండదు. 304 వాడితేనే తుప్పు.

చెక్క_పడవ: తప్పు చెప్తున్నారు. ట్రాక్ అల్యూమినియం. దానికి ఉప్పునీళ్లలో స్టెయిన్‌లెస్ తగిలితే స్క్రూకి ఏమీ కాదు, అల్యూమినియాన్నే తినేస్తుంది. 316 అయినా అంతే. స్క్రూ తల చుట్టూ తెల్లటి పొడి లేస్తుంది, దాన్ని గోటితో గీరితే కింద గుంటలు. నా పడవ దగ్గరికి వస్తే చూపిస్తాను.

ఉప్పుగాలి: నా మాస్ట్ మీద అవే స్క్రూలు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఏం కాలేదు.

చెక్క_పడవ: మాస్ట్ నిలువుగా ఉంటుంది, నీళ్లు జారిపోతాయి. డెక్ మీద ట్రాక్ కింద ఉప్పునీళ్లు నిలుస్తాయి. నైలాన్ వాషర్, క్రోమేట్ పేస్ట్ లేకుండా బిగించమని సలహా ఇవ్వకండి. కొత్తవాళ్లు చదువుతున్నారు.

ఉప్పుగాలి: నేను ఎవరికీ చెడు సలహా ఇవ్వలేదు. మాట మర్యాదగా ఉండనివ్వండి.

హైదరాబాద్_నుంచి: హుస్సేన్‌సాగర్‌లో మేం జిబ్‌ని బాగా లోపలికి లాగి నడుపుతాం. గాలికి ఎదురుగా మంచి కోణం దొరుకుతుంది. బార్బర్ హాలర్‌కి నా ఓటు.

లాసన్స్‌బే_క్రూ: అక్కడ నీళ్లు చదును. ఇక్కడ అల గుద్దిన ప్రతిసారీ వేగం పోతుంది, మళ్లీ అందుకోవాలి. జిబ్ లోపలికి బిగిస్తే దాని వెనక గాలి మెయిన్‌ని కొట్టి ముందుభాగం వదులుగా కొట్టుకుంటుంది. ఆ లెక్కలు బంగాళాఖాతంలో నడవవు అన్నా. అయినా నేను అడిగిన క్లీట్ సంగతి ఎవరూ మాట్లాడలేదు.

పాత_నావికుడు: బార్బర్ హాలర్ పెడితే రేసింగ్ రూల్ 55.3 ప్రకారం అనర్హత.

రూల్‌బుక్: కాదండి. షీట్‌ని బయటికి నెట్టే సాధనం గురించి 55.3 చెబుతుంది. పడవ నిటారుగా ఉన్నప్పుడు ఆ చోటు నుంచి దింపిన గీత హల్‌కో డెక్‌కో బయట పడకూడదు. డెక్ మీదే ఉన్న లీడ్‌ని లోపలికి లాగడం ఇందులోకి రాదు. అసలు చిక్కు వేరే. మన క్లాస్‌కి, అంటే మన రకం పడవలకి, ఉన్నవి క్లోజ్డ్ రూల్స్, రాసి అనుమతించనిది ఏదీ చేయకూడదు. పోటీ పెట్టేవాళ్లు తమంతట తాము మార్చలేరు. రూల్ 87 ప్రకారం క్లాస్ రూల్‌లోనే అందుకు వీలు ఉండాలి, లేదా క్లాస్ అసోసియేషన్ రాతపూర్వక అనుమతి నోటీసు బోర్డు మీద ఉండాలి. కాబట్టి మన క్లాస్‌లో ఓటింగ్ జరగాల్సిందే.

భీమిలి_నాన్న: మా అమ్మాయి ఈమధ్యే పిల్లల చిన్న పడవ ఆప్టిమిస్ట్ నుంచి ఈ పడవలోకి వచ్చింది. ట్రాకులు, వాటి మీద జరిగే కార్లు, రెండు వైపులా బ్లాకులు (కప్పీలు), అన్నీ దిగుమతి సామాన్లే. కొనలేని పిల్లలు వెనకబడిపోతారు. దానికన్నా డెక్ మీద మూడు చోట్ల బెజ్జాలు నిర్ణయించి, రేసుకి ముందు ఫెయిర్‌లీడ్‌ని ఏదో ఒకదానికి మార్చుకోనివ్వండి.

రుషికొండ_హెల్మ్: ఇది చాలా బాగుంది సార్, నేను ట్రాక్ పట్టు వదులుతున్నాను. మాస్ట్ వెనక్కి వంచితే క్లూ (జిబ్ వెనక కింది మూల) కిందికి దిగుతుంది కాబట్టి ఆ తేడా సర్దుకోవడానికి కూడా మూడు చోట్లు సరిపోతాయి. బార్బర్ హాలర్ ఇప్పటికి వద్దు. ముసాయిదా ఇదిగో: "ఫెయిర్‌లీడ్‌ను డెక్ మీద కొలత ప్రకారం గుర్తించిన మూడు స్థానాల్లో ఒకదానిలో స్టెయిన్‌లెస్ బోల్టులతో బిగించాలి. రేసు నడుస్తుండగా మార్చరాదు. క్లీట్ వంపు ఐచ్ఛికం."

లాసన్స్‌బే_క్రూ: క్లీట్ మాట చేర్చినందుకు థాంక్స్. నా ఓటు ఉంది.

చెక్క_పడవ: వాడని బెజ్జాలు మూసి ఉంచాలని రాయలేదు. అవి తెరిచి ఉంటే ప్లైలోకి నీరు నేరుగా దిగుతుంది. ఆ వాక్యం చేర్చేదాకా నేను సంతకం పెట్టను.