హిట్లర్ మీద కలిసి పోరాడిన అమెరికా, రష్యా అంత త్వరగా ఎందుకు విడిపోయాయి? తప్పెవరిది?

కృష్ణాతీరం:
1945 ఏప్రిల్ 25న టోర్గావ్ దగ్గర ఎల్బే నది ఒడ్డున అమెరికా సైనికులు, సోవియట్ సైనికులు కలుసుకుని కౌగిలించుకున్నారు. మూడేళ్ళు దాటాయో లేదో, అదే జర్మనీలో సోవియట్లు తమ ఆధీనంలోని ప్రాంతం మధ్యలో ఉన్న పడమటి బెర్లిన్‌కి రోడ్లు, రైళ్ళు ఆపేస్తే అమెరికా, బ్రిటన్ విమానాల్లో బొగ్గు, పిండి మోసుకెళ్ళాల్సి వచ్చింది. ఇది ఎలాగూ జరిగేదేనా, లేక ఎవరైనా చేజేతులా చెడగొట్టారా? మీరేమంటారు?

వరంగల్ వాసి:
పోలండ్‌లో ఏం జరిగిందో చూస్తే చాలు బ్రో, ఇంకేం అక్కర్లేదు. 1944 ఆగస్టులో వార్సా జనం నాజీల మీద తిరగబడి 63 రోజులు కొట్లాడారు, సోవియట్ ఎర్రసైన్యం విస్తులా నది అవతలి ఒడ్డు దగ్గర్లోనే ఉంది. సరే సైన్యం అలిసిపోయింది అనుకుందాం, మరి బ్రిటిష్, అమెరికా విమానాలు వార్సాలో సరుకులు పడేసి మీ ఎయిర్‌ఫీల్డుల్లో దిగుతాం అంటే స్టాలిన్ సెప్టెంబరు దాకా ఎందుకు ఒప్పుకోలేదు? 1945 ఫిబ్రవరిలో రూజ్‌వెల్ట్, చర్చిల్‌తో యాల్టాలో కూర్చున్నప్పుడు పోలండ్‌లో స్వేచ్ఛగా ఎన్నికలు పెడతామని సంతకం పెట్టాడు, తీరా 1947 జనవరిలో పెట్టిన ఎన్నికలు పచ్చి రిగ్గింగ్. తప్పు మాస్కోదే.

నెల్లూరు నేస్తం:
అన్నా, మీరు ఒకవైపు కథే చెప్తున్నారు. ఆ యుద్ధంలో సోవియట్ జనం దాదాపు 2 కోట్ల 70 లక్షల మంది చచ్చిపోయారు, అమెరికా వాళ్ళు 4 లక్షల చిల్లర. హిట్లర్ మీద పడమటి వైపు నుంచి రెండో ఫ్రంట్ 1942లోనే తెరుస్తామని ఆశపెట్టి నార్మండీలో దిగింది 1944 జూన్‌లో, ఆ రెండేళ్ళు హిట్లర్ సైన్యంలో సింహభాగాన్ని మోసింది ఎవరు? జర్మనీ లొంగిపోయిన వారంలోపే అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ లెండ్-లీజ్ సాయానికి (యుద్ధంలో మిత్రదేశాలకి ఇచ్చే సరుకులకి) కోత పెడితే సముద్రం మీదున్న ఓడల్ని కూడా వెనక్కి తిప్పారు, గొడవయ్యాక కొంత సర్దుకున్నారులెండి. ఇక తూర్పు యూరప్ అంటారా, 1944 అక్టోబరులో బ్రిటన్ ప్రధాని చర్చిల్ మాస్కో వెళ్ళి కాగితం ముక్క మీద రుమేనియాలో 90 శాతం మీకు, గ్రీసులో 90 శాతం మాకు అని రాసిస్తే స్టాలిన్ టిక్కు పెట్టాడు. పంచుకున్నది ఇద్దరూ!

తెనాలి మాస్టారు:
ఇద్దరూ చెప్పినవి నిజాలే, కానీ పోలండ్ కోసం అమెరికా స్నేహం తెంచుకోలేదు, 1945 జులైలోనే అక్కడి ప్రభుత్వాన్ని గుర్తించేసింది. అసలు తెగింది జర్మనీ దగ్గర, అదీ సిద్ధాంతాల మీద కంటే ముందు డబ్బు లెక్కల మీద.

యాల్టాలో సోవియట్లు అడిగింది మొత్తం 2,000 కోట్ల డాలర్ల నష్టపరిహారం, అందులో సగం తమకి. గెలిచిన నాలుగు దేశాలు జర్మనీని నాలుగు జోన్లుగా పంచుకున్నాయి కదా, 1945 జులైలో పోట్స్‌డామ్ సమావేశానికొచ్చేసరికి ఎవరి జోన్‌లోంచి వాళ్ళు తీసుకోండి, పడమటి జోన్లలో అక్కర్లేని యంత్రాల్లోంచి 10 శాతం ఊరికే, ఇంకో 15 శాతం తిండిగింజలకీ బొగ్గుకీ బదులుగా ఇస్తాం అని తేల్చారు. సోవియట్లు తమ జోన్‌లో ఫ్యాక్టరీలే కాదు, జంట రైలు మార్గాల్లో ఒక పట్టా ఊడబీక్కుని పట్టుకుపోయారు. వాళ్ళ దేశం బూడిదైపోయింది కాబట్టి ఆ కోపం నాకర్థమవుతుంది. కానీ అవతల అమెరికా, బ్రిటన్ తమ జోన్లలో జర్మన్లకి సొంత డబ్బుతో తిండి పెడుతున్నాయి, ఒకళ్ళు ఊడ్చుకుపోతుంటే ఇంకొకళ్ళు నింపుతూ ఎన్నాళ్ళు కూర్చుంటారు? 1946 మేలో అమెరికా జోన్ చూసుకునే జనరల్ క్లే తన జోన్ నుంచి యంత్రాలు పంపడం ఆపేశాడు. నా దృష్టిలో స్నేహం తెగింది అక్కడే, అమెరికాలోని ఫుల్టన్‌లో చర్చిల్ ఇచ్చిన ‘ఇనుప తెర’ ఉపన్యాసం వల్ల కాదు.

ఆ తర్వాత 1948 జూన్‌లో పడమటి జోన్లలో కొత్త డబ్బు, డాయిష్ మార్క్. నోట్లు అమెరికాలో అచ్చేసి రహస్యంగా పెట్టెల్లో తెచ్చారు, జూన్ 20న మనిషికి 40 మార్కులు చేతిలో పెట్టారు, మర్నాటికల్లా అప్పటిదాకా దాచిపెట్టిన సరుకంతా దుకాణాల అద్దాల్లో ప్రత్యక్షం. ఒకే దేశంలో రెండు డబ్బులు చెలామణి అయ్యాక అది ఒకే దేశంగా ఎలా ఉంటుంది? నాలుగు రోజులకి బెర్లిన్ దిగ్బంధం.

వరంగల్ వాసి:
మాస్టారూ, వరస తప్పించి చెప్తున్నారు. ఆ మార్చిలోనే సోవియట్ మార్షల్ సొకలోవ్‌స్కీ జర్మనీని చూసుకునే నాలుగు దేశాల కంట్రోల్ కౌన్సిల్‌లోంచి లేచి వెళ్ళిపోయాడు, ఫిబ్రవరిలో చెకోస్లొవేకియాలో కమ్యూనిస్టులు అధికారం లాగేసుకున్నారు. పడమటి వాళ్ళు భయపడరా? ఇంకోటి, 1946 అక్టోబరులో బెర్లిన్ నగరం మొత్తానికీ ఎన్నికలు జరిగితే సోవియట్లు వెనకేసుకొచ్చిన పార్టీకి 20 శాతం కూడా రాలేదు, మూడో స్థానం. పరిహారం పైసాతో సహా కట్టినా స్టాలిన్ జర్మనీలో ఓటు పెట్టనిచ్చేవాడు కాదు.

నెల్లూరు నేస్తం:
సొకలోవ్‌స్కీ ఊరికే లేచిపోలేదన్నా, లండన్‌లో సోవియట్లని పిలవకుండా పడమటి దేశాలు ప్రత్యేక జర్మనీ గురించి మాట్లాడుకుంటుంటే ఆ వివరాలు అడిగాడు, చెప్పలేదు.

తెనాలి మాస్టారు:
బెర్లిన్ ఓట్ల సంగతి గట్టి పాయింటే. అయినా ఆస్ట్రియా చూడండి, దాన్నీ నలుగురే పంచుకున్నారు, వియన్నానీ పంచుకున్నారు, అక్కడ 1945 నవంబరులో ఎన్నికలు పెడితే కమ్యూనిస్టులకి 4 సీట్లొచ్చాయి, స్టాలిన్ ఊరుకున్నాడు. 1955లో అందరూ సైన్యాల్ని తీసేసుకుని వెళ్ళిపోయారు. కాబట్టి ఓటుకి భయపడ్డాడు అనేది ఒక్కటే సరిపోదు, ఆస్ట్రియాలో జర్మనీకున్న రూర్ లాంటి బొగ్గు, ఉక్కు ప్రాంతం లేదు. ఆ బొగ్గు, ఆ ఉక్కు మొత్తం అవతలివాడి చేతికి పోతుందంటే వాషింగ్టన్ ఒప్పుకోదు, మాస్కో ఒప్పుకోదు. ఇద్దరూ అదే జర్మనీతో యుద్ధం చేసొచ్చినవాళ్ళు మరి.

కృష్ణాతీరం:
మాస్టారూ, మరి 1952లో స్టాలిన్ తటస్థంగా ఉంటే జర్మనీని కలిపేద్దాం అని నోట్ పంపాడు కదా, అది నిజంగానే అన్నాడంటారా?

వరంగల్ వాసి:
అస్సలు కాదు. పశ్చిమ జర్మనీ పడమటి కూటమిలో చేరకుండా ఆపడానికి వేసిన ఎత్తు అది.

తెనాలి మాస్టారు:
ఎత్తే కావచ్చు బాబూ, కానీ కూర్చుని అడిగి చూసుంటే తెలిసేది. అడగలేదు, నేను తప్పుపట్టేది దాన్నే.