బామ్మతో విశాఖ, అరకు: ప్లాన్ ఎలా వేసుకోవాలి?

హైదరాబాద్ మనవడు: మా బామ్మకు 79 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు, షుగర్, బీపీ ఉన్నాయి. సముద్రం చూడాలని, అరకు రైలెక్కాలని ఎప్పటినుంచో ఆశ. డిసెంబరులో బామ్మ, అమ్మ, నేను వెళ్దామనుకుంటున్నాం. గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లారేసరికి విశాఖలో దించుతుంది కాబట్టి అదే పొద్దున అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలెక్కి, బొర్రా గుహలు, అరకు చూసుకుని రాత్రికి విశాఖ తిరిగొద్దామని ఆలోచన. పెద్దవాళ్లను తీసుకెళ్లినవాళ్లు చెప్పండి, కుదురుతుందా?

విశాఖవాసి: టైము కలిసినా ఆ పని చేయకండి. రాత్రంతా రైల్లో సరిగ్గా నిద్రపట్టని మనిషి స్నానం, టిఫిన్ లేకుండా మళ్లీ నాలుగు గంటలు కూర్చోవాలి. గోదావరి ఆలస్యమైతే, పొద్దున ఏడింటిలోపే బయల్దేరే ఆ రైలు దొరకదు. మొదటిరోజు విశాఖలోనే ఉండండి. మధ్యాహ్నం ఆవిడ ఓ కునుకు తీశాక, ఎండ తగ్గేవేళకు ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లండి. ఇసుకలో నడిస్తే మోకాళ్లు పట్టేస్తాయి, రోడ్డు పక్క గట్టు మీద కూర్చోబెడితే అలలు బాగానే కనిపిస్తాయి. అక్కడే ఉన్న కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం లోపల బాగా ఇరుకు, చిన్న తలుపుల్లోంచి వంగి దాటాలి. అది మీరొక్కరే చూసి రండి.

నెల్లూరు టీచర్: బెర్తుల సంగతి చెప్తాను. సీనియర్ లోయర్ బెర్త్ కోటా మగవాళ్లకు 60 ఏళ్లు, ఆడవాళ్లకు 45 ఏళ్లు దాటితే వర్తిస్తుంది. కానీ ఒక టికెట్ మీద ఇద్దరికి మించి ఉండకూడదు. మీ అమ్మగారికి 45 దాటి ఉంటే ఆవిడకీ బామ్మగారికీ ఒక టికెట్, మీకు వేరే టికెట్ తీసుకోండి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. అరకు రైల్లో విస్టాడోమ్ (పెద్ద అద్దాల పెట్టె) సీట్లు త్వరగా అయిపోతాయి, వాటి మీద ఓ కన్నేసి ఉంచండి.

శ్రీకాకుళం కోడలు: మా అత్తగారిని ఆ అద్దాల పెట్టెలోనే తీసుకెళ్లాం. సొరంగం వచ్చిన ప్రతిసారీ చీకట్లో నా చెయ్యి గట్టిగా పట్టుకునేవారు. వెలుతురు రాగానే "అదిగో లోయ, అదిగో వాగు" అంటూ చిన్నపిల్లలా చూపించేవారు. అంత హుషారుగా ఆవిడను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. పైకప్పు కూడా అద్దమే కాబట్టి ఎండ లోపలికి పడుతుంది, తలమీదకో పల్చటి తువ్వాలు ఉంచుకోండి.

బొర్రా మాత్రం వదిలేయండి. మెట్లు చాలా ఉన్నాయి, కొన్నిచోట్ల తడిగా జారుతుంటాయి. దిగడం ఎలాగో దిగినా ఎక్కడం ఆవిడ వల్ల కాదు. నేరుగా అరకులో దిగి పద్మాపురం తోటలో కూర్చున్నాం, మ్యూజియం చూశాం, కాఫీ తాగాం. ఆవిడకు అదే చాలా తృప్తి.

గుంటూరు నర్సు: మందులు పెద్ద బ్యాగులో అడుగున పెట్టొద్దు, చేతిసంచిలో ఉండాలి. ప్రిస్క్రిప్షన్ ఫోటో మీ ఫోన్లోనూ అమ్మ ఫోన్లోనూ ఉంచండి. ఇన్సులిన్ వాడుతుంటే ఐసుకు నేరుగా తగలనివ్వకండి, గడ్డకడితే పనికిరాదు. బీపీకి మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర ఇస్తుంటే, ప్రయాణం రోజున ఏ వేళకు వేయాలో డాక్టర్ని ముందే అడగండి. బాత్రూమ్ భయంతో పెద్దవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, అది ఇంకా ప్రమాదం. తిరుగు ప్రయాణం కారులో అయితే ఘాట్ మలుపులకు కడుపులో తిప్పుతుంది. తేలిగ్గా తినిపించి ముందు సీట్లో కూర్చోబెట్టండి.

కాకినాడ తమ్ముడు: స్టేషన్లో వీల్‌చైర్ అంటే మా అమ్మ ఒప్పుకునేది కాదు, నలుగురూ చూస్తారని. "ప్లాట్‌ఫాం పొడవు ఎక్కువమ్మా, రైలు దాకా కూర్చో, ఎక్కేటప్పుడు నువ్వే ఎక్కుదువుగాని" అంటే సరేనంది. బలవంతపెట్టకుండా ఇలా చెప్పి చూడండి.

హైదరాబాద్ మనవడు: అందరికీ థాంక్సండీ. బొర్రా తీసేశాను. మొదటిరోజు విశాఖ, మర్నాడు రైల్లో అరకు, రాత్రి అక్కడే ఉండి తర్వాతి రోజు కారులో దిగుతాం. బామ్మకు చెప్తే "తొందరలేకుండా ఉంది, ఇలాగైతే వస్తా" అంది. అరకులో రూము తీసుకునేటప్పుడు ఏం చూసుకోవాలి?

శ్రీకాకుళం కోడలు: బుక్ చేసేముందు ఫోన్ చేసి అడగండి: గది కింది అంతస్తులోనేనా, వెస్టర్న్ టాయిలెట్ ఉందా, పొద్దున్నే వేడినీళ్లు వస్తాయా అని. బాత్రూమ్ నేల నున్నగా ఉంటుందేమో ఫొటోలో చూసుకోండి. డిసెంబరు చలి అక్కడ గట్టిగా ఉంటుంది. రగ్గు ఇంకోటి అడిగి తీసుకోండి, ఆవిడకు సాక్సులు, మఫ్లరు ఇంటినుంచే పెట్టుకోండి.