సర్కమ్‌సెలియన్లు: మతపిచ్చి మూకా, కోత కూలీలా?

గోదారిగట్టు:
నాలుగో శతాబ్దపు ఉత్తర ఆఫ్రికా క్రైస్తవుల గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. 303లో డయోక్లిషియన్ చక్రవర్తి లేఖనాలు తగలబెట్టమంటే కొందరు గురువులు భయపడి పుస్తకాలు అప్పజెప్పారు. అలాంటివాళ్ల చేతి బాప్తిస్మం, అభిషేకం చెల్లవని పట్టుబట్టినవాళ్లు డొనాటిస్టులు. వాళ్ల పక్షాన దుడ్డుకర్రలు పట్టుకుని, "దేవునికి స్తోత్రం" అని అరుస్తూ పల్లెల్లో తిరిగిన గుంపులు సర్కమ్‌సెలియన్లు. హతసాక్షులు, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్లు, కావాలని కొండల మీంచి దూకేవాళ్లట కూడా. వీళ్లను మతపిచ్చి మూక అని రాసేస్తే సరిపోతుందా? నాకైతే పేదల తిరుగుబాటులా ఉంది.

పాతరాయి:
తిరుగుబాటేనండీ. డొనాటిస్టుల ఎదుటి పక్షంవాడు, మిలేవిస్ బిషప్పు ఆప్టాటస్ రాసింది చూడండి. ఆక్సిడో, ఫాసిర్ అనే నాయకుల కాలంలో అప్పిచ్చినవాడికి బాకీ అడిగే ధైర్యం లేదు. బండిలో పోతున్న యజమానిని దింపి, అతని బానిసలను ఎక్కించి, బండి ముందు అతన్ని పరిగెత్తించారు. ఉత్త మతపిచ్చి అయితే వాళ్లకి ప్రోనోట్లతో ఏం పని? 1952లో ఫ్రెండ్ అనే చరిత్రకారుడు డొనాటిస్టు ఉద్యమం వేళ్లు నుమిడియా (ఉత్తర ఆఫ్రికాలో ఒక రోమన్ ప్రాంతం) పల్లెల అసంతృప్తిలో ఉన్నాయని చెప్పాడు.

రెండోసాక్షి:
పాతరాయి గారూ, ఆప్టాటస్ చెప్పిన కథలో సగమే తీసుకున్నారు. ఆ గుంపులను అణచమని సేనాని టౌరినస్‌కు రాసింది డొనాటిస్టు బిషప్పులే! సంఘమూ గుంపూ ఒకటే అయితే సొంతవాళ్ల మీదికి సైన్యాన్ని ఎవరు పిలుస్తారు? 411లో కార్తేజ్‌లో జరిగిన సభకు డొనాటిస్టులు, వాళ్ల ఎదుటి కాథలిక్కులు, ఒక్కో పక్షం నుంచి సుమారు 280 మంది బిషప్పులు వచ్చారు. డొనాటిస్టుల తరఫున గట్టిగా వాదించిన పెటిలియన్ ఒకప్పుడు వకీలు. ఇదంతా పొలంగట్టు కోపమేనంటే నేను నమ్మను.

చట్టంపురుగు:
బిషప్పుల మాటలు కాసేపు పక్కన పెట్టి 412 నాటి చట్టం చూడండి. కాథలిక్ సంఘంలోకి మారని డొనాటిస్టులకు హోదాను బట్టి జరిమానాలు: పై అంతస్తు అధికారికి 50 పౌన్ల బంగారం, వర్తకుడికి 5, మామూలు పౌరుడికి 5. ఆ వరసలోనే సర్కమ్‌సెలియన్లకు 10 పౌన్ల వెండి. బానిసలకు జరిమానా లేదు, యజమానుల మందలింపే. దొమ్మీ మూకకు ఎవరైనా రేటు కట్టి జరిమానా వేస్తారా? ప్రభుత్వం దృష్టిలో వాళ్లు వర్తకుల్లాగే జనంలో ఒక తరగతి. పంటల వెంట ఊళ్లు తిరిగే కూలీలన్న బ్రెంట్ షా మాట (2011) నాకు నచ్చింది ఇందుకే. పేరుకి అర్థం "సెల్లల చుట్టూ తిరిగేవాళ్లు". ఆ సెల్ల ధాన్యం కొట్టా, హతసాక్షి సమాధి దగ్గరి గుడా అన్నదాని మీద ఇంకా తగువే అనుకోండి.

బాగాయ్‌బాట:
కూలీలు సరే, మరి దెబ్బలు? బాగాయ్ ఊరి కాథలిక్ బిషప్పు మాక్సిమియన్‌ని బలిపీఠం కిందే చావబాదారు, తర్వాత గోపురం మీంచి పడేశారు. కింద పెంటకుప్ప ఉండబట్టి బతికి, చక్రవర్తి దగ్గరికెళ్లి గాయాలు చూపించాడు. డొనాటిస్టులను ఖండిస్తూ రాసిన హిప్పో బిషప్పు అగస్టీన్ కోసం దారి కాస్తే, దారి చూపేవాడు దారి తప్పడం వల్ల ఆయన బయటపడ్డాడు. పేదవాడి కర్ర అయితే నొప్పి తక్కువా?

రెండోసాక్షి:
నొప్పిని కాదనలేదండీ. కానీ ఇవన్నీ చెప్పింది ఎవరు? అగస్టీన్, ఆయన శిష్యుడు పొసీడియస్. మొదట మతంలో బలవంతం వద్దన్న అగస్టీన్ తర్వాత రాజదండనను సమర్థించాడు. అందుకు ఆయన చూపిన కారణాల్లో ఈ గుంపుల హింస ఒకటి. వాళ్లు ఎంత భయంకరంగా కనిపిస్తే ఆయన వాదన అంత గట్టిది. అసలు "డొనాటిస్టు" అన్నదీ ఎదుటివాళ్లు పెట్టిన పేరే, వాళ్లు తమను తాము కాథలిక్ సంఘమనే అనుకున్నారు.

దూకుళ్ల సంగతికొస్తే, 347లో చక్రవర్తి పంపిన మకారియస్ దళం వచ్చినప్పుడు చనిపోయిన మార్కులస్ బిషప్పునే తీసుకోండి. సైనికులు కొండ మీంచి తోసేశారని డొనాటిస్టుల హతసాక్షి కథ. కొండ మీంచి తోయడం రోమన్ల శిక్షల్లో ఎక్కడుందని అగస్టీన్ ఎదురడిగి, తనే దూకి ఉంటాడన్నాడు. ఒక్క చావు, రెండు కథలు. అగస్టీన్ పుస్తకాలకు లాటిన్ మఠాల్లో వెయ్యేళ్లు నకళ్లు రాసుకున్నారు. పెటిలియన్ ఉత్తరం మనకు దొరికింది కూడా అగస్టీన్ దాన్ని ముక్కలుగా ఎత్తి రాసి ఖండించబట్టే. అందుకని "దూకేవాళ్లు" అనే రాస్తాం, "తోశారు" అని రాయం.

పాతరాయి:
టౌరినస్ విషయం ఒప్పుకుంటున్నా. యజమాని బండి ముందు పరిగెత్తిన కథ మాత్రం వదలను. అది కూడా శత్రువు రాసిందే, కానీ అది ఆ రాసినవాడి పక్షానికే సిగ్గుచేటు కథ. కల్పించి రాసే అవసరం?

చట్టంపురుగు:
అవసరం ఉందండీ. ఆప్టాటస్ ఆ కథ చెప్పింది మకారియస్‌ని వెనకేసుకొచ్చే సందర్భంలో. సైన్యం రావాల్సి వచ్చిందని ఆస్తిపరులను నమ్మించడానికి అంతకన్నా పనికొచ్చే కథ ఇంకోటి ఉంటుందా?

గోదారిగట్టు:
ఈ చర్చ మొదలెట్టినప్పుడు "తిరుగుబాటు" అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకోను, పక్కన ప్రశ్నార్థకం పెడతాను. మార్కులస్ కథ మొత్తం చదివినవాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడ రాయండి, ముఖ్యంగా ఆ కొండ దగ్గర జరిగినదంతా.