బండి నడుపుతూ మెసేజ్‌లు పెట్టే డ్రైవర్‌ను ఆపేదెలా?

మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అమ్మాయి, ఊళ్లోని మరికొందరు పిల్లలు ఆటోలో స్కూలుకు పోతారు. డ్రైవర్ ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకొని, రెండో చేత్తో వాట్సాప్‌లో టైప్ చేస్తుంటాడు. ఇప్పుడు కోతలు. రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పెట్టారు. అక్కడ కూడా అతని తల పైకి లేవదు.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, నడుపుతూ చేత్తో ఫోన్ వాడడాన్ని సెక్షన్ 184 కింద ప్రమాదకర డ్రైవింగ్‌లో చేర్చారు. మొదటిసారికే రూ.1,000 నుంచి 5,000 దాకా జరిమానా, లేదా 6 నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ.

ఈ మాట చెబితే తల్లిదండ్రులే రెండు వర్గాలయ్యారు. "కిరాయిలు ఫోన్ మీదే వస్తాయి, పేదోడికి జరిమానా వేయిస్తారా?" అంటారు కొందరు. అతని కష్టం నాకూ తెలుసు. కానీ ఆటో పక్కకు ఆపి రాసుకుంటే పోయే బేరమేముంది? పల్లె రోడ్ల మీద తనిఖీయే లేనప్పుడు చట్టమెందుకని ఇంకొందరు.

రోజూ ఆటో తిరిగొచ్చేదాకా టెన్షనే. ముందు అతనితో, ఆటో ఓనర్‌తో మాట్లాడాలా, నేరుగా పోలీసులకు చెప్పాలా? ఫోన్‌లో తీసిన వీడియో సాక్ష్యంగా పనికొస్తుందా? చెప్పినవాళ్ల పేరు బయటకు రాకుండా ఉంటుందా? మా ఊరికి వేరే ఆటో లేదు, గొడవ పడలేను. మీ ఊళ్లో ఇలాంటిది జరిగి ఉంటే ఎవరు, ఎలా మాట్లాడితే డ్రైవర్ విన్నాడో దయచేసి చెప్పండి.