సమస్యాపూరణం: అడవి నడచివచ్చె నతనిఁ జంప

అరసున్న (నిర్వహణ):
పాత ఇంగ్లీషు నాటకాల్లో జనం నోళ్ళలో నానే మాటలనే సమస్యలుగా ఇద్దామని అనుకున్నాం కదా. మొదటిది ఇదిగో, ఆటవెలది నాలుగో పాదం:

*అడవి నడచివచ్చె నతనిఁ జంప*

మూలం షేక్స్పియర్ నాటకం మాక్బెత్. నాలుగో అంకంలో మంత్రగత్తెలు రప్పించిన మూడో ఆకారం ఒక పసివాడు. నెత్తిన కిరీటం, చేతిలో చెట్టు. బిర్నం అడవి డన్సినేన్ కొండ మీదికి వచ్చేదాకా నీకు ఓటమి లేదంటాడు. చెట్టును పటాలంలో చేర్చుకునే మొనగాడెవడు, వేళ్ళు పీక్కుని రమ్మంటే అది వస్తుందా అని రాజు మురిసిపోతాడు. మీ పద్యం ఈ పాదంతో ముగియాలి, ఈ కథే చెప్పాలని లేదు. పాదం మాత్రం మార్చకండి. సంధి వల్ల మొదట్లో ‘న’ గానీ ‘య’ గానీ చేరితే తప్పు లేదు, యతి అచ్చుకే కాబట్టి చెడదు.

గోదారిగట్టు:
బోణీ నాదే!

మంత్రగత్తె లనిన మాట నమ్మిన రాజు
కోట విడక యుండఁ గొమ్మ లూని
బిర్న మడవి వెడలి బిరబిర భటు లేఁగ
అడవి నడచివచ్చె నతనిఁ జంప

యతిభంగం:
గణాలు కుదిరాయి. రెండో పాదంలో ‘కో–గొ’ యతి చక్కగా ఉంది. మూడో పాదంతోనే నాకు పేచీ. ‘ఏఁగన్’ తర్వాత ‘అడవి’ వస్తే ‘నడవి’ కావాలి, నిర్వాహకులు ముందే చెప్పారు కూడా. రెండోది, ఆ ‘బిరబిర’. ఐదో అంకంలో రాజు మీదికి దండెత్తి వచ్చిన మాల్కం ఇచ్చిన ఆజ్ఞ ఏమిటి? ప్రతి సైనికుడూ ఒక కొమ్మ నరికి ముందు పట్టుకోవాలి, మన లెక్క శత్రువుకు అందకూడదు అని. అంటే దాక్కుంటూ వచ్చే సేన. నిలువెత్తు కొమ్మ మొహానికి అడ్డం పెట్టుకుని బిరబిరా ఎలా నడుస్తారండీ? వేగులవాడు రాజుతో చెప్పిందీ ‘అడవి కదలడం మొదలెట్టినట్టనిపించింది’ అనే. మూడు మైళ్ళ దూరంలో ఉందట అప్పటికి.

గోదారిగట్టు:
ఒప్పుకున్నానండీ. ‘బిర్న మడవి విడిచి వెనువెంట భటు లేఁగ / నడవి నడచివచ్చె’ అంటే సరిపోతుందా? బి–వె యతి.

యతిభంగం:
భేషుగ్గా. ఒకడి వెనక ఒకడు, అడవి అంచు మెల్లగా జరిగినట్టుంది.

తెరవెనుక:
కాలేజీలో ఈ నాటకం వేసినప్పుడు నేను సంచులు మోసే జట్టులో ఉన్నాను. చెట్లుగా నటించే పిల్లలకు వేప కొమ్మలు కోసి ఇచ్చే పని నాది. అందులో ఒకడికి తొందరెక్కువ.

తెరను లేపినంత తెచ్చిన కొమ్మతో
పిల్లవాఁ డొకండు పిలువకుండ
రంగమందుఁ జొరఁగ రాజు విస్తుపడఁగ
నడవి నడచివచ్చె నతనిఁ జంప

బండి ఱ:
హహ! ఒక్క కొమ్మను అడవి అంటే ఒప్పుకుంటారా?

తెరవెనుక:
షేక్స్పియర్ రోజుల్లో మాత్రం రంగం మీద ఎంత అడవి పట్టిందనుకున్నారు, బండి గారూ? మిగతాదంతా చూసేవాళ్ళు కళ్ళతో నాటుకోవాల్సిందే.

అరసున్న:
నాలుగో పాదం ఈ పూరణలో నవ్వుగా మారడం బాగుంది. ‘రాజు విస్తుపడఁగ’ దగ్గర రాజు ఎవరు, మాక్బెత్తా, మాక్బెత్ వేషగాడా? ఇద్దరూ అయితే ఇంకా మేలు.

బండి ఱ:
నేను స్కాట్లాండు వెళ్ళలేదు, లంకలోనే ఆగాను.

నరుల వానరులను నలుసుగాఁ దలఁచెను
లంక నేలు ఱేఁడు లావు నెంచి
చెట్లు వెఱికి పట్టి చేరఁగాఁ గపిసేన
యడవి నడచివచ్చె నతనిఁ జంప

యతిభంగం:
ఇదీ పూరణంటే! గోదారిగట్టు గారు కోప్పడకండి, మీది కథాసారం, ఇది పూరణ. సమస్య ఎక్కడిదో పూర్తిగా మరిచిపోయి కూడా ఈ పద్యం నిలబడుతుంది.

అరసున్న:
మరిచిపోనక్కర్లేదు, రెండు కథలకూ కీలు ఒక్కచోటే ఉంది. రావణుడు వరం కోరేటప్పుడు దేవ దానవ యక్షులందరినీ పేరుపేరునా లెక్కపెట్టి, మనుషులు గడ్డిపోచలని వదిలేశాడు. మాక్బెత్‌కు రెండో ఆకారం ‘స్త్రీకి పుట్టినవాడెవడూ నిన్నేమీ చేయలేడు’ అంది. మాక్డఫ్‌ను తల్లి కడుపు కోసి నెలలు నిండకుండానే తీశారు, రాజును చంపింది అతనే. సందు అక్కడ దొరికింది.

నాకు ఎప్పటినుంచో ఒక అనుమానం. ఆ మంత్రగత్తెలు ఇచ్చింది జోస్యం కాదు, సమస్య. దోమ గొంతులో ఏనుగుల గుంపు దూరిందంటే మన అవధాని జరగని పని అని లేచి పోడు. ఏ విరుపుతో, ఏ సందర్భంతో జరుగుతుందా అని వెదుకుతాడు. మాక్బెత్ వెదకలేదు. జరగదన్న ధీమాతో కోటలో కూర్చున్నాడు. పూరించినవాడు మాల్కం, అదీ తెలియకుండానే. అతనికి ఆ జోస్యం సంగతే తెలియదు, తన బలగం కనబడకూడదని కొమ్మలు కొట్టించాడంతే. వేగులవాడు కబురు తెచ్చేసరికి రాజు ‘రేపు, రేపు, ఇంకో రేపు’ అన్న ఆ గొప్ప మాటలు అప్పుడే ముగించి ఉంటాడు. వినగానే ముందు ‘అబద్ధాలకోరా’ అని తిట్టాడు. అబద్ధమని తేలితే బతికుండగానే చెట్టుకు వేలాడదీస్తానన్నాడు. మళ్ళీ చెట్టే చూడండి!

గోదారిగట్టు:
మాస్టారూ, ఈ అడవి కథ షేక్స్పియర్ కల్పనేనా?

అరసున్న:
కాదమ్మా. షేక్స్పియర్ వాడుకున్న హోలిన్షెడ్ చరిత్ర గ్రంథంలో అడవీ ఉంది, స్త్రీకి పుట్టనివాడూ ఉన్నాడు. అసలు చరిత్రలో మాక్బెత్ 1040 నుంచి 1057 దాకా ఏలాడు, చనిపోయింది లుంఫానన్ దగ్గర. డన్సినేన్‌లో చంపింది నాటకం.

ఇక రెండోది. ఇదీ ఆటవెలదే:

*చేతిసంచిలోన శిశువు దొరకె*

ఆస్కార్ వైల్డ్ ‘ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్’, 1895 ఫిబ్రవరి 14న లండన్ సెయింట్ జేమ్సెస్ థియేటర్లో తొలి ఆట. పిల్లనడగడానికి వచ్చిన జాక్‌ను కాబోయే అత్తగారు లేడీ బ్రాక్నెల్ వంశం గురించి నిలదీస్తుంది. తలిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నానంటే, ఒకరిని పోగొట్టుకోవడం దురదృష్టం, ఇద్దరినీ పోగొట్టుకోవడం అజాగ్రత్తలా ఉందంటుంది. చివరికి తాను చేతిసంచిలో దొరికానని చెబుతాడు. ‘చేతిసంచా?’ అని ఆవిడ అడిగే ఆ చిన్న ప్రశ్నను ఈడిత్ ఎవాన్స్ 1952 సినిమాలో ఎంత సాగదీసి పలికిందంటే, తర్వాత ఆ వేషం కట్టినవాళ్ళందరికీ అది గుండెల మీద బండయింది.

గోదారిగట్టు:
పొత్తమేమొ తొట్టెఁ బొందికగా నుంచి
పాప నెచటఁ బెట్టెఁ? బడఁతి మఱచె!
విక్టొరియకుఁ బోయి వెదకిన వారికిఁ
జేతిసంచిలోన శిశువు దొరకె

యతిభంగం:
రాతప్రతిని తోపుడు తొట్టెలోనూ పసివాణ్ణి సంచిలోనూ పెట్టిన ఆయా మిస్ ప్రిజం పరాకు మొదటి రెండు పాదాల్లోనే వచ్చేసింది. ‘పొందికగా’ అన్న మాటకు నా ఓటు. నవలను ఎంత శ్రద్ధగా పడుకోబెట్టిందో! కానీ విక్టోరియా స్టేషన్లో ఎవరూ వెదకలేదు. సామాన్ల గదిలో తన సంచి అనుకుని ఒక పెద్దమనిషికి అందించారు. వెదికి ఉంటే నాటకమే లేదు, బిడ్డ ఆ రోజే ఇల్లు చేరేవాడు.

గోదారిగట్టు:
మూడో పాదం ‘విక్టొరియకు వచ్చు పెద్దమనిషి కంత’. ఇప్పుడు?

యతిభంగం:
వి–పె యతి సరే, కథా సరే. ‘అంత’ కాస్త పూరకంగా ఉంది గానీ ఆటవెలదిలో ఆ మాత్రం అరువు అందరం తెచ్చుకుంటాం.

చిట్టెమ్మమ్మ:
నాకు మీ నాటకాలు తెలియవు నాయనా. నాకు తెలిసింది రాశాను.

అమెరికాను బుట్టె నమ్మమ్మ మనుమఁడు
ఫోను దీసి చూడఁ బూనె నంత
కూరగాయ లమ్ము కొట్టు ముందర నిల్చి
చేతిసంచిలోన శిశువు దొరకె

అరసున్న:
అమ్మా, ఈ విడత మాల మీకే. మొదటి మూడు పాదాల్లో ఎక్కడా వింత లేదు. బెండకాయల మధ్య ఫోను వెలిగిందాకా శిశువు ఎక్కడున్నాడో చదివేవాడికి తెలియదు. ‘పూనె నంత’ తర్వాత అన్వయం చిన్న గెంతు వేసింది, కొట్టు ముందర నిలిచిందీ చూడబూనిందీ ఆవిడే అని రెండోసారి చదివితే తెలుస్తుంది. పెద్ద దోషం కాదు.

తెరవెనుక:
మనవడి పేరు ఎర్నెస్ట్ కాదు కదా అమ్మమ్మగారూ?

చిట్టెమ్మమ్మ:
పేరు ఇంకా పెట్టలేదు బాబూ. వాళ్ళ నాన్న జాబితా చేస్తున్నాడు.

అరసున్న:
వచ్చే వారానికి కందం. వెనిస్ వర్తకుడు, నాలుగో అంకం, న్యాయస్థానం. అప్పుకు బదులు ఒక పౌను మాంసం కోసుకుంటానని వడ్డీ వ్యాపారి షైలాక్ పట్టుబడితే, పత్రంలో మాంసం ఉంది, రక్తం బొట్టు కూడా లేదని న్యాయకోవిదుడి వేషంలో వచ్చిన పోర్షియా అడ్డుపడే ఘట్టం:

*నెత్తురు రాకుండఁ గోయ నేర్తువె కండన్*

బండి ఱ:
వారం దాకా ఆగలేను.

ఉత్తుత్తి మాట గాదిది
మెత్తని కండయె షరతున మేరగఁ గనుమా
కత్తిని నూరితి షైలక!
నెత్తురు రాకుండఁ గోయ నేర్తువె కండన్

యతిభంగం:
కత్తి నూరడం తెచ్చారు, సంతోషం. నాటకంలో చెప్పు అట్ట మీద నూరతాడు, ఆ చెప్పు కూడా వచ్చి ఉంటే ఇంకా రక్తి కట్టేది. ఆరో గణం ‘షరతున’ నలం (నాలుగూ లఘువులే), బాగుంది. ‘మెత్తని’ మాత్రం ప్రాస కోసం వచ్చింది. షైలాక్‌కు కావలసింది సరిగ్గా ఒక పౌను, మెత్తనో గట్టిదో అతనికి పట్టదు. త్రాసు వెంట్రుకవాసి మొగ్గినా ప్రాణం పోతుందని పోర్షియా తర్వాత చెప్పే మాట ఉంది చూడండి, ఆ తూకాన్ని రెండో పాదంలోకి తెచ్చే వీలుందేమో ప్రయత్నించండి.

బండి ఱ:
తూకానికి ‘త్త’ ప్రాస దొరకాలి కదండీ. శనివారం దాకా గడువివ్వండి.